ఖాళీ రోడ్డు మీద ఎడమ పక్క

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా ఆయన ఖాళీ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ, తనకే తెలియకుండా ఎడమ పక్కకి వెళ్లిపోయి, ఎదురుగా వచ్చే ట్రక్కు కింద పడతాడేమోనని. రద్దీ రోడ్డంటే నాకు భయం లేదు. ఖాళీ రోడ్డంటేనే భయం. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. నవ్వేవాళ్లందరికీ కార్లున్నాయి.

మేం విన్నిపెగ్‌లో, యూనివర్సిటీకి దగ్గర్లో ఒక బేస్‌మెంట్‌లో ఉంటాం. మా ఆయన మహీధర్ ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. చంటిపిల్ల చాందినిని ఎత్తుకుని అతని వెనక నేనొచ్చాను. నా డిగ్రీ రెండో ఏడాదిలోనే పెళ్లితో ఆగిపోయింది కాబట్టి, ఈయన చదువైనా నిలబడాలని నాకు పంతం.

మేం దిగిన ఏడాది ఏ బస్సెక్కినా మన పిల్లలే. డోనట్ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే రెజ్యూమెలు పట్టుకుని పార్కింగ్ లాట్ చివరిదాకా నిలబడేవారు. మహీధర్ అలా నిలబడి నిలబడి, చివరికి ఊరికి దక్షిణాన ఫ్రెంచ్ వాళ్ల పల్లెలో పని సంపాదించాడు. అటువైపు అన్నీ అవే పల్లెలు. బోర్డులు ఫ్రెంచ్, పలకరింపులు ఫ్రెంచ్, చర్చి శిఖరం తప్ప ఎత్తయినదేదీ కనిపించని చదును నేల. అక్కడ బంగాళాదుంపలు ఏరి సంచులకెత్తే షెడ్డులో పని. బస్సు అంత దూరం పోదు. మొదట్లో శంకర్ అనే అబ్బాయి కారులో నలుగురూ కలిసి వెళ్లేవారు. ఆ శంకర్‌కి ఈ దేశంలోనే ఎక్కడో తూర్పున ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఏదో వేర్‌హౌస్‌లో పని దొరికి, కారుతో సహా వెళ్లిపోయాడు. అప్పుడు మహీధర్ ఒక పాత సైకిల్ కొన్నాడు.

మొదట హైవే అంచునే వెళ్లేవాడు. పక్కనే కార్లు రయ్యిమని పోతుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని తొక్కేవాడు. కానీ ఈ దేశం పద్ధతి ప్రకారం కుడి పక్కనే తొక్కేవాడు. అందరూ ఎటు పోతుంటే అటే కదా పోతాం.

ఆ వేసవిలో తెలుగువాళ్లంతా పార్కులో పిక్నిక్ పెట్టుకున్నారు. అక్కడ పరిచయమయ్యారు సీతారామారావు గారు. రిటైరైన డాక్టరు, ఈ దేశం వచ్చి నలభై ఏళ్లు. ఏటా ఫ్రాన్స్ వెళ్లి పల్లెటూళ్ల మీదుగా సైకిల్ తొక్కి వస్తారు. అప్పుడే తిరిగొచ్చారేమో, ఎండకి కమిలిన ముక్కు మీద తోలింకా ఊడుతూనే ఉంది.

"హైవే మీద తొక్కుతున్నావా? పిచ్చా నీకు?" అన్నారు మహీధర్‌తో. "ఫ్రాన్స్‌లో చూడాలయ్యా ఆ చిన్న రోడ్లు! పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఒక్క కారు ఎదురవదు. ఒక పల్లె, ఒక చర్చి గంట, ఒక బేకరీ. మళ్లీ ఇంకో పల్లె. సరిగ్గా అలాంటి రోడ్డు ఇక్కడే ఉంది. నేనే కనిపెట్టా."

"అయితే వీసా లేకుండానే ఫ్రాన్స్ చూస్తున్నమన్నమాట అంకుల్," అన్నాడు శ్రీహర్ష. అదే షెడ్డుకి వేరే షిఫ్టులో సైకిల్ మీద వెళ్లే వరంగల్ అబ్బాయి. "బేకరీ ఉంటదా మరి దారిల?"

"చేలుంటాయి. పొద్దుతిరుగుడు పూలు. చాలవూ?"

"పూలు తిని దుంపలెత్తాల్నా అంకుల్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అక్కడే ఫోన్ తీసి ఆ దారి మ్యాప్‌ని స్టూడెంట్ల గ్రూపులో పెట్టారు. పైన 'క్వయట్ రూట్' అని పేరు. నేను డబ్బాలో పులిహోర పెట్టిచ్చి మరీ థాంక్స్ చెప్పాను. ఆ పులిహోర తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోతల కాలం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు ఎవరిదో పికప్ ట్రక్కు ఆగింది. దిగింది మహీధర్. ఒక భుజం మీద చొక్కా లేదు, చర్మమూ లేదు. ఒక పెద్దాయన వెనకనుంచి సైకిల్ దించి, ఫ్రెంచ్‌లో ఏదో అని, నా మొహం చూసి తల ఊపి వెళ్లిపోయాడు.

"ఏమైందండీ? ఎవడు గుద్దాడు?"

"ఎవరూ గుద్దలేదు. కాలవలోకి నేనే దూకాను. ధాన్యం ట్రక్కు ఎదురుగా వచ్చేసింది. దుమ్ములో కనబడలేదు."

"ఎదురుగా ఎలా వస్తుంది? దాని పక్కన అది రాదా?"

మహీధర్ గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. "దాని పక్కనే అది వచ్చింది సుధా. నేనే దాని పక్కన ఉన్నాను. ఎప్పుడు లెఫ్ట్‌కి వెళ్లానో నాకే తెలీదు. మొదట కుడి పక్కనే ఉన్నా. ముందూ వెనకా ఎవరూ లేరు. ఏదో ఆలోచించుకుంటూ తొక్కుతున్నా. మన ఊళ్లో కాలవ గట్టు మీద తొక్కినట్టే ఉంది."

నాకు అప్పుడర్థమైంది. చిన్నప్పటినుంచీ ఎడమ పక్క తొక్కిన మనిషిని కుడి పక్కన నిలబెట్టేది మిగతా బళ్లే. అవి లేకపోతే చేతులు వాటి ఊరు అవి పోతాయి. శ్రీహర్షని అడిగితే, "నాకూ రెండు మూడు సార్లైంది అక్కా, చెప్తే నవ్వుతరని చెప్పలే" అన్నాడు.

ఆదివారం చాందినిని స్ట్రోలర్‌లో వేసుకుని సీతారామారావు గారింటికి వెళ్లాను. ఆయన భార్య చాముండేశ్వరి ఆంటీ టీ ఇచ్చారు. నేను జరిగింది చెప్పి, ఆ మ్యాప్ తీసెయ్యమన్నాను.

"మ్యాప్‌ది తప్పేముందమ్మా? రోడ్డు మంచిదే. నేనెన్నిసార్లు తొక్కానో."

"ఫ్రాన్స్‌లో మీరు ఒక్కరే తొక్కుతారా అంకుల్?"

"ఒక్కణ్ణే ఎందుకు? గ్రూపు. ముందు గైడు ఉంటాడు. వెనక వ్యాన్ వస్తుంది, సామాన్లకి."

"మా ఆయన ముందు ఎవరున్నారండీ? వెనక ఏ వ్యానుంది?"

ఆయన మొహం ఎర్రబడింది. "చూడమ్మా, రైట్‌లో వెళ్లాలన్నది కామన్ సెన్స్. అది కూడా నేనే చెప్పాలా?"

"మీరు చెప్పకండి," అన్నారు ఆంటీ, టీ కప్పులు తీస్తూ. "వచ్చిన కొత్తలో మీరూ కారుని ఎడమకి పోనిచ్చారు. నేను కెవ్వుమంటేగానీ చూసుకోలేదు. అదీ ఇలాంటి ఖాళీ రోడ్డు మీదే."

"అది ఎప్పటి మాట! నువ్వూరుకో."

"ఊరుకున్నానుగా ఇన్నేళ్లూ."

ఆయన నావైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నారు. "సరే, నువ్వు కంగారు పడుతున్నావు కాబట్టి గ్రూపులో ఒక మాట రాస్తాను." అక్కడే రాశారు. 'రైడ్ సేఫ్, బాయ్స్' అని ఇంగ్లిష్‌లో, పక్కన ఒక సైకిల్ బొమ్మ. అంతే. ఎడమ, కుడి అన్న మాటే లేదు. దాని కింద పిల్లలు బొటనవేలి బొమ్మలు పెట్టారు.

"మంచి రోడ్డు వదులుకోకండమ్మా," అన్నారు గుమ్మం దాకా వచ్చి. "ఆ నిశ్శబ్దం కోసం మేం సముద్రం దాటి వెళ్తాం."

"మేమూ దాటే వచ్చామండీ," అన్నాను. "నిశ్శబ్దం కోసం మాత్రం కాదు." స్ట్రోలర్ చక్రం గడపకి కొట్టుకుంటే లాగి లాగి బయటికొచ్చాను. ఆయన చెడ్డమనిషైతే బావుండును, తిట్టడానికి తేలికగా ఉండేది. మంచి మనిషే. తను నిలబడ్డ చోటినుంచి అందరికీ దారి చూపిస్తాడు, అంతే.

మహీధర్ పని మానలేడు. మానితే ఆ చోటికి వందమంది సిద్ధంగా ఉన్నారు. హైవేకి మళ్లమన్నాను. ఇప్పుడక్కడ రోడ్డు పని నడుస్తోంది, అంచు తవ్వేశారు. ఇక మిగిలింది ఆ ఖాళీ రోడ్డే.

ఇంట్లో పసుపుంది. దారం ముంచి, మూడు ముళ్లు వేసి, సైకిల్ కుడి హ్యాండిల్‌కి కట్టాను. వ్రతానికి తోరం మగవాళ్లకి కుడి చేతికే కదా కడతారు. మా అమ్మ కట్టేటప్పుడు మా నాన్న ఏ చెయ్యో చూడకుండానే చాచేవారు. ఆ చేతికి తెలిసిందేదో ఈ చేతికీ తెలియకపోతుందా అని.

మహీధర్ నవ్వాడు. "సైకిల్ కూడా వ్రతం చేసిందా?"

"నవ్వండి. దారం ఎటుంటే అటు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని చూడండి."

"ఖాళీగా ఉన్నప్పుడు ఎవరు చూస్తారే?"

ఆ మాట ఎంత తేలికగా అన్నాడో! నాకు కోపం ఆగలేదు. గ్లాసు సింక్‌లో విసిరి కొట్టాను. చాందిని ఏడ్చింది. ఆయన పిల్లని ఎత్తుకుని ముద్దుపెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆ దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదు. చేరేదాకా ఆయన ఎటు పక్కన ఉన్నాడో నాకు తెలియదు. ఇప్పుడూ అదే దారిలో ఉన్నాడు.

ఇది చదివే మీరు ఎప్పుడైనా విన్నిపెగ్‌కి దక్షిణాన ఆ ఫ్రెంచ్ పల్లెల వైపు కారులో వెళ్తే, చేల మధ్య రోడ్డు మీద ఒంటరిగా సైకిల్ తొక్కే మనిషి కనిపిస్తే, స్లో చేయండి. అద్దం దించి "కుడికి రా బాబూ" అని గట్టిగా తెలుగులో అరవండి. ఆగాక, దెబ్బలేమైనా ఉన్నాయా, బాగానే ఉన్నావా అని అడగండి. కుడి హ్యాండిల్‌కి పసుపు దారం ఉంటే అతను మహీధర్. ఇంట్లో చూస్తున్నామని చెప్పండి.

దారం లేకపోయినా ఆపి అడగండి.