గేటెయ్యండ్రా!

ఆర్విల్ టెష్ స్తంభం పట్టుకుని వంగి, గేటు కింది కీలుకి చెవి ఆనించాడు. ఇంకా కిర్రుమంటోంది. మరో రెండు చుక్కల నూనె పోశాడు. అరవై నాలుగేళ్ల మనిషి. ఎడమ మోకాలు వంగదు, కుడిది వంగితే లేవదు. అయోవాలోని ఆ వ్యవసాయ కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో అతని పని ఒకటే: ఆట మొదలవగానే తూర్పు గేటు మూసి, స్తంభానికున్న తీగ ఉంగరం తగిలించడం. గొళ్లెం ఎప్పుడో ఊడిపోయింది. ఏటా కొత్తది అడిగేవాడు, ఏటా చూద్దామనేవారు.

ఆ శనివారం స్తంభానికి కంచు ఫలకం బిగించి గుడ్డ కప్పారు. కాఫీ అమ్మే వెర్నా గుడ్డ కొస ఎత్తి చదివింది.

"'కాలు విరిగి నేలకొరిగినా, కెప్టెన్ హార్లన్ బోయ్డ్ తన జట్టుకి గేటెయ్యండ్రా అని పిలుపునిచ్చాడు.' అబ్బో! ఏమయ్యా ఆర్విల్, ఆ రోజు అరిచింది నువ్వు కాదూ?"

"నేనే. ఆవులొచ్చేస్తుంటే అరిచాను."

జరిగింది అంతే. ముప్పై ఆరేళ్ల కిందట, ఓడిపోతున్న ఆట చూడలేక సగం జనం గేటు బార్లా తెరిచి వెళ్లిపోయారు. కళాశాల ఆవులు ఏడు లోపలికి జొరబడ్డాయి. ఆర్విల్ వాటి వెనక పరుగెడుతూ గొంతు చించుకున్నాడు. మిగిలినవాళ్లు నవ్వుతూ కేక అందుకున్నారు. సరిగ్గా అప్పుడే, బంతి చంకన పెట్టుకుని మన గోల్ గీత వైపు దూసుకొస్తున్న అవతలివాడు దాన్ని జారవిడిచాడు. ఆట మనవాళ్లు గెలిచారు. అప్పట్నుంచి అవతలి జట్టు గీత దగ్గరికి వస్తే చాలు, మైదానమంతా అదే కేక. బోయ్డ్ కాలు విరిగింది మరుసటేడు, గుర్రం మీంచి పడి.

"పోయి చెప్పవయ్యా. ఇవాళ చెప్పకపోతే నువ్వు ఆవుల్ని తోలిన సంగతి కూడా మిగలదు."

అతనికీ చెప్పాలనే ఉంది. తన పేరున మిగిలేది ఆ ఒక్క మాటేనని తెలుసు. ఆట మధ్య విరామంలో ఫలకం ఆవిష్కరించడానికి పెద్దలంతా గేటు తెరుచుకుని వచ్చారు. ఆర్విల్ టోపీ తీసి, కళాశాల చరిత్ర రాసిన ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ ముందు నిలబడ్డాడు.

"సార్, ఆ కేక... అది నాదండీ."

ప్రొఫెసర్ అతని భుజం తట్టాడు. "నీ ఒక్కడిదేనా ఆర్విల్? మనందరిదీ!"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆర్విల్ టోపీ పెట్టుకుని వచ్చేశాడు.

"చెప్పావా?" అంది వెర్నా.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"కాదనలేదు."

ఆమె పడీ పడీ నవ్వి, అతని చేతికి కాఫీ ఇచ్చింది. పెద్దలు వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఒక్కరూ గేటు వేయలేదు. మోకాలు కాస్త కుదుటపడ్డాక లేచి వేద్దామని ఆర్విల్ తన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

ఆఖరి నిమిషాల్లో అవతలి జట్టు గీత దాకా వచ్చేసింది. పన్నెండు వేల మంది లేచి నిలబడ్డారు. "గేటెయ్యండ్రా! గేటెయ్యండ్రా!"

వెర్నా తిరిగి చూసేసరికి అతని గడ్డం గుండెల మీద ఆని ఉంది. రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా, చల్లబడుతున్న ఆ చేయి పట్టుకుని ఏడ్చింది. కేకల్లో ఆమె ఏడుపు ఎవరికీ వినపడలేదు.

గేటు బార్లా తెరిచే ఉంది. కంచు ఫలకం కింద తీగ ఉంగరం వేలాడుతోంది.