గోళ్ళరంగు గీత

తెర మీద పానకాలరావు తూలినంత బాగా తూలేవాడు ఇంకొకడు లేడని ఫిల్మ్‌నగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. పేరు కూడా అలా కలిసొచ్చింది. అందులో ఆయన తప్పేం లేదు, మంగళగిరి స్వామికి మొక్కుకుని వాళ్ళమ్మ పెట్టిన పేరది. తాగుబోతు వేషం ఉందంటే ఆయనకే కబురొచ్చేది. దాంతో హీరోలూ, నిర్మాతలూ, విదేశాలు తిరిగొచ్చిన అభిమానులూ ఆయనకు తెచ్చే కానుక ఒక్కటే, స్కాచ్ సీసా. పోనీ ఒక శాలువా, ఒక పళ్ళబుట్ట తీసుకెళ్దామని ఏ మహానుభావుడికీ తోచలేదు.

ఆయన తాగడం మానేశాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కూతురు ప్రణతి ఒకటో తరగతిలో ఉండగా ఆ పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాడు. వేయించింది భార్య శేషారత్నం. వచ్చిన సీసాలు పారేస్తే ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు, ఇంటికొచ్చినప్పుడు ఏదని అడుగుతారు కూడా. అందుకని జూబ్లీహిల్స్ ఇంటి హాల్లో, పడమటి కిటికీ పక్కన అద్దాల బీరువా పెట్టించి, బొమ్మల కొలువులా అందులో సర్దింది శేషారత్నం.

ఇప్పుడా ఇల్లు బిల్డరుకిచ్చేసి మధురానగర్‌లో ఫ్లాట్‌కి మారుతున్నారు. అక్కడ ఆ బీరువాకి చోటు లేదు. పాత స్కాచ్ సీసాలకు విలువ కట్టే హిమజ అనే అమ్మాయిని ప్రణతి పిలిపించింది. అమ్మకం లైసెన్సున్నవాళ్ళ ద్వారానే జరగాలని, ఆ తతంగమంతా తను చూసుకుంటానని ఆ అమ్మాయి ముందే చెప్పింది.

హిమజ చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కో సీసానీ వెలుతురుకి పట్టి చూసింది. పెద్ద హీరోగారు ఆర్భాటంగా ఇచ్చిన సీసా ఏ షాపులోనైనా దొరికేదేనని తేలింది. ఎవరో అసిస్టెంటు డైరెక్టరు భయపడుతూ ఇచ్చి వెళ్ళిన సీసాకి మాత్రం ఆమె కళ్ళు మెరిశాయి. తర్వాత వెనక వరసలోంచి ఇంకొకటి తీసింది.

"ఇది మస్తు పాతదాంటీ. ఇయ్యాల రేపు దొరకదు. కానీ ఈ గీత ఏంది?"

సీసా మెడ కింద ఎర్రటి గోళ్ళరంగుతో గీసిన గీత ఉంది.

"నేనే గీశాను," అంది శేషారత్నం గట్టిగానే. "మా ఆయనకి ఆ రకమంటే ప్రాణం. దొంగతనంగా తాగితే తెలియాలి కదా."

తెలిసింది కూడా. ఒట్టేసిన రెండేళ్ళకి ప్రణతికి విషజ్వరం వచ్చింది. పిల్ల కళ్ళు తెరవని రోజున బట్టల కోసం ఇంటికొచ్చిన శేషారత్నం బీరువా వైపు చూసింది. స్కాచ్ గీతకన్నా గోరంత కిందికి దిగి ఉంది. ఇక ఆవిడకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆసుపత్రి వరండాలో నలుగురి ముందూ మొగుణ్ణి కడిగి పారేసింది, ఒట్టు తప్పి పిల్ల ప్రాణం మీదికి తెచ్చారని. "సీలు చూడు రత్నం, సీలు అలాగే ఉంటుంది" అని ఆయన మొత్తుకున్నాడు. సీలట! షూటింగుకి ఖాళీ సీసాల్లో కూల్‌డ్రింక్ పోసి, కొత్తవాటిలా సీళ్ళు బిగించడం సెట్లో సామాన్లు చూసే ప్రాపర్టీవాళ్ళకి రోజూ ఉన్న పనే. సినిమావాడి పెళ్ళానికా సీలు చూపించేది? పిల్ల నెత్తిమీద ఇంకెప్పుడూ మీ చెయ్యి పడకూడదంది. పిల్ల బతికింది. ఆయన ఆ మాట దాటలేదు. ప్రణతి పెళ్ళిలో కూడా అక్షింతలు దూరం నుంచే వేశాడు. తాగొచ్చాడేమో, అందుకే దగ్గరికి రావడం లేదని చుట్టాలు నవ్వుకున్నారు.

"గీత వల్ల రేటు తగ్గుతుందా?" అని అడిగింది ప్రణతి.

"గీత సంగతి తర్వాతక్కా. లెవెల్ చూడండి, చాన దిగిపోయింది."

గీతకీ స్కాచ్‌కీ మధ్య మూడు వేళ్ళ ఎడం ఉంది. శేషారత్నం కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. పిల్లని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే బీరువాకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో గొలుసుకి తగిలించుకుంది. ఆ సీసాని వెనక్కి నెట్టేశాక అసహ్యంతో మళ్ళీ దాని మొహం చూడలేదు.

"అదెలా? తాళం నా దగ్గరే ఉంది. ఎవరు తాగినట్టు?"

"ఎవ్వరూ తాగలేదాంటీ. పాత సీసా గద, కార్కు ఎండిపోతది, లోపలిది కొంచెం కొంచెం ఆవిరైతనే ఉంటది. గీడ కిటికీల నుంచి ఎండ కొడ్తుంది, ఇంకా జల్ది పోతది."

"సీలు తీసి, మళ్ళీ వేయించి ఉంటే?"

హిమజ టార్చి వేసి, భూతద్దం పెట్టి సీసా మూతి చుట్టూ చూసింది. "లేదాంటీ. కంపెనీల వేసిన సీలే ఇది. ఒక్కసారి కూడా తీయలే."

ప్రణతి తల్లి వైపు తిరిగింది. "అంటే నాన్న తాగలేదా అమ్మా?"

తండ్రి ఒట్టు తప్పబట్టే నీకు చావు దాకా వచ్చిందని ఆ పిల్లకు నూరిపోసింది శేషారత్నమే. ఎండ తగిలేచోట బీరువా పెట్టించిందీ ఆవిడే. సిగ్గుతో మొహం మండిపోయింది. ఆగకుండా బాల్కనీలోకి నడిచింది.

పానకాలరావు అక్కడ పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ, ఆ సీసా... మీరు తాగలేదు."

ఆయన తలెత్తి చూశాడు.

"అదంతట అదే ఆవిరైపోయిందట. సీలు కూడా తీయలేదట. ఆ అమ్మాయి చెప్పింది. నేను పాపిష్టిదాన్నండీ. కన్నపిల్లని మీకు కాకుండా చేశాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. కోప్పడితే బాగుండునని ఆవిడ మనసు కొట్టుకుంది. ఆయన కోప్పడలేదు.

"నేను తాగలేదని నాకు తెలుసు కదా రత్నం."

"మరెందుకు ఊరుకున్నారు? నన్ను రెండు తిట్టాల్సింది. ఆ సీసా నా మొహాన కొట్టాల్సింది!"

"తాగుబోతు వేషాలేసి బతికినవాణ్ణి నేను. నేను తాగలేదంటే ఫిల్మ్‌నగర్‌లో ఒక్కడు నమ్మడు. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు, అదే నాకు అన్నం పెట్టింది. నమ్మడానికి నువ్వొక్కదానివి ఉన్నావనుకున్నాను."

శేషారత్నం ఆయన పక్కనున్న కుర్చీలో కూర్చోబోయి, కూర్చోలేక, అలాగే నిలబడిపోయింది.