వెనక సీటాయన

విమానం ఎక్కిన ప్రతిసారీ అబ్దుల్ రహీం పక్క సీటు మనిషితో ముందుగా తెలుగులో మాట కలుపుతాడు. "మీదే ఊరు? మాది కోరుట్ల," అంటాడు, చుట్టుపక్కల వరసలకు వినిపించేలా కాస్త గట్టిగానే. గడ్డం, టోపీ చూసి బిగుసుకున్న ముఖాలు ఆ మాటతో కొంచెం సడలుతాయి. అవసరం లేకుండా ఫోన్ బయటికి తీయడు. నమాజు వేళైతే పెదవులు కదలకుండా మనసులోనే చదువుకుంటాడు. దుబాయిలో దర్జీగా చేరిన నాటి నుంచీ ఇదే అలవాటు. అరవైకి దగ్గరపడిన ఈ వయసులో మాత్రం, తన వల్ల ఏ భయమూ లేదని అందరికీ నమ్మకం కలిగించే ఈ పని అతనికి కుట్టు మిషను కన్నా ఎక్కువ అలసట తెప్పిస్తోంది.

ఈసారి అదీ చేయబుద్ధి కాలేదు. పక్క సీట్లో ఒక తల్లి, ఆమె ఒళ్లో నిద్రపోతున్న పాప. రహీం కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

కళ్లు తెరిచినప్పుడల్లా ముందు సీటు మనిషి లేస్తూనో, వచ్చి కూర్చుంటూనో కనిపించాడు. నలభై దాటినవాడు, బక్కపలచని మనిషి. చిన్న నల్ల సంచి పొట్టకు అదుముకుని టాయిలెట్‌కు పోతున్నాడు, వస్తున్నాడు. సంచి పైన పెడతానని ఎయిర్‌హోస్టెస్ చెయ్యి చాపితే ఇవ్వలేదు. మెడ మీద చెమట కారుతోంది. ఇంత చల్లటి గాలిలో చెమటేమిటి, అనుకున్నాడు రహీం. ఆ సంచిలో ఏముందో, అని కూడా అనుకున్నాడు. అప్పుడే అతనికి ఇంకో సంగతి తట్టింది. ఇవాళ అందరూ చూస్తున్నది ఆ మనిషిని, తనను కాదు. కాళ్లు చాపుకుని హాయిగా వెనక్కి వాలాడు. ఒకసారి లేచి, ఆ మనిషి వెనకాలే వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు.

శంషాబాద్‌లో దిగాక తలుపులు తెరుచుకోలేదు. విమానాన్ని దూరంగా ఓ మూలకు తీసుకెళ్లి ఆపారు. కిటికీలోంచి పోలీసు బండ్లు, ఫైరింజన్ కనిపించాయి. విమానంలో బాంబు ఉందని రాసిన కాగితం టాయిలెట్‌లో దొరికిందన్న మాట వరసలు దాటుకుంటూ ముందుకొచ్చింది. పక్క సీటు తల్లి పాపను గుండెలకు హత్తుకుంది. హత్తుకుంటూ రహీం వైపు చూసి, ఇద్దరి మధ్యనున్న కుర్చీ చేయి మీది నుంచి మోచెయ్యి తీసేసుకుంది.

"మాది కోరుట్లనమ్మా," అన్నాడు రహీం.

ఆమె తల ఊపింది గానీ చెయ్యి మళ్లీ అక్కడ పెట్టలేదు.

అందర్నీ బస్సుల్లో ఒక హాలుకు తరలించి, ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. రహీం వంతు వచ్చినప్పుడు పోలీసాఫీసరు మర్యాదగానే అడిగాడు.

"టాయిలెట్‌కు ఎక్కువసార్లు ఎవరన్న పోయిండ్రా పెద్దాయనా? చూసిన్రా?"

చూడలేదని అనొచ్చు. అంటే మరుప్రశ్న తన మీదికే వస్తుందని రహీంకు తెలుసు.

"నా ముందు సీటాయన పోయిండు సార్. మాటిమాటికి పోయిండు. చేతిల సంచి ఇడువనే లేదు," అన్నాడు.

అతను బయటికి వచ్చిన కాసేపటికే ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ మనిషిని లోపలికి తీసుకెళ్లారు. "సార్, దాంట్ల నా మందులున్నయ్ సార్," అంటున్నాడతను. సంచి అప్పటికే వేరే ఎవరి చేతిలోనో ఉంది.

మిగతావాళ్లను వదిలేశారు. పాపనెత్తుకున్న తల్లి వెళ్లిపోయింది. రహీంను మాత్రం మళ్లీ పిలిచారు. ఈసారి మర్యాద తగ్గింది. దుబాయిలో ఎవరెవరిని కలుస్తావు, ఏ మసీదుకు పోతావు, టాయిలెట్‌లో అంతసేపు ఏం చేశావు? అడిగినవే మళ్లీ మళ్లీ అడిగారు. గడ్డం చూసి పిలిచారనుకున్నాడు రహీం. జవాబులు చెప్పీ చెప్పీ నోరెండిపోయింది.

చివరికి ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, పెద్దసారు వచ్చేదాకా ఆగమన్నారు. ముందు సీటు మనిషి చేతులు వణుకుతున్నాయి. పెదాలు పాలిపోయాయి.

"ఏమైంది తమ్మీ?"

"షుగర్ పడిపోతుంది. పొద్దుగాల సూది ఏసుకున్న, ఏం తినలే. సూదులు, బిస్కెట్లు గా సంచిలనే ఉన్నయ్."

రహీం, పోలీసులు వెతికి తిరిగిచ్చిన తన చేతిసంచిలోంచి ఖర్జూరం పొట్లం తీశాడు. ఆ మనిషి ఒకటి నోట్లో పెట్టుకున్నాడు, వెంటనే ఇంకోటి. నెమ్మదిగా వణుకు తగ్గింది. పేరు ముత్యమని చెప్పాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. పని సరిగ్గా దొరక్క దుబాయి పోయాడు. షుగరుందని తెలిశాక అక్కడి కంపెనీ ఇంటికి పొమ్మంది.

"గీ షుగర్‌తోని ఒంటికి ఆగదు చాచా. ఊకె లేవాలె," అన్నాడు సిగ్గుపడుతూ.

రహీం మరికొన్ని ఖర్జూరాలు అతని చేతిలో పెట్టాడు.

విమానంలో బాంబేమీ దొరకలేదు, కాగితం ఎవరు రాశారో తేలలేదు. ఇద్దరి చేతిరాతలూ తీసుకుని, ముత్యం సంచి తిరిగిచ్చి, మధ్యాహ్నానికి వెళ్లమన్నారు. బయట రహీం కొడుకు ఖాలిద్ కారుతో నిలబడి ఉన్నాడు. జగిత్యాలలో టాక్సీ నడుపుతాడతను. ముత్యం కోసం ఎవరూ రాలేదు. కోరుట్ల పోవడం సిరిసిల్ల మీదుగానే కాబట్టి అతన్నీ ఎక్కించుకున్నారు.

సిద్దిపేట దాటాక ఒక హోటల్ దగ్గర ఆగారు. ఖాలిద్ ఛాయ్ చెప్పడానికి వెళ్లాడు. రహీం ఇక ఆపుకోలేకపోయాడు.

"ముత్యం, పోలీసులకు నీ గురించి చెప్పింది నేనే. మాటిమాటికి పోతున్నవని చెప్పిన."

ముత్యం రోడ్డు వైపు తిరిగాడు. తిడతాడేమోనని రహీం ఎదురుచూశాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"నన్ను సుత అడిగిన్రు చాచా," అన్నాడు ముత్యం. "వెనక సీటాయన అని చెప్పిన. గడ్డపాయన, నేను బయటికి రాంగనే లోపలికి పోయిండు, చానసేపు రాలే అన్న. నిన్ను మల్ల పిలిచింది గందుకే."

"ముఖం కడుక్కున్న. అంతే."

"నాకేమెరుక? నన్ను ఇడిసిపెడితె సాలనుకున్న."

"నేనూ గదే అనుకున్న," అన్నాడు రహీం.

ఛాయ్ గ్లాసులతో వచ్చిన ఖాలిద్ అంతా విన్నాడు. నీ మీద చెప్పినవాణ్ని మన కారులో తీసుకుపోతున్నామా, అని తండ్రిని ఉర్దూలో గట్టిగా అడిగాడు. ముత్యంకు ఆ మాట అర్థమైంది. కారులోంచి తన బ్యాగు తీసుకోబోయాడు.

"బస్సుకు పోత చాచా."

"కూసో. బస్సుల షుగర్ పడిపోతె ఎవడు చూస్తడు?" అన్నాడు రహీం. కొడుకు వైపు తిరిగి, "ఆయన నాకంటె ఎక్కువ తప్పేం చెయ్యలే. పోయి ఇడ్లీ చెప్పు," అన్నాడు.

ఖాలిద్ గ్లాసులు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు గానీ, ఇడ్లీ తెచ్చాడు. ముత్యం తలెత్తకుండా తిన్నాడు.

సిరిసిల్లలో ఓ సందు మొదట్లో ముత్యం దిగాడు. "ఇంటికి రా చాచా, బువ్వ తినిపో," అన్నాడు. పిలుపు నిజమైనదే. రహీం రాడని అతనికీ తెలుసు.

"మల్లెప్పుడన్న అస్త. మందులు మరువకు," అన్నాడు రహీం.

ముత్యం బ్యాగు భుజాన వేసుకుని సందులోకి నడిచాడు. వేములవాడ రోడ్డెక్కాక ఖాలిద్ కోపం చల్లారింది. సెలవు అయిపోయాక మళ్లీ పోతావా అబ్బా, అని తండ్రిని ఉర్దూలో అడిగాడు.

"పోకుంటె ఎట్ల," అన్నాడు రహీం, ఇంట్లో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే కొడుకుతో కూడా తెలుగులోనే. అలా మాట్లాడుతున్నట్టు అతను గమనించనే లేదు. సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.