కపిల పాటలో చివరి మాట

మేముండే కొట్టం గుమ్మఘట్ట ఊరి అవతల, చేనిలోనే, బావి పక్కనే ఉండేది. మూడేళ్లుగా వాన లేదు. బావి ఎండి ఏడాది దాటింది. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలే పని లేక మా ఆయన తిప్పన్న నోట పాట కూడా పోయింది. గట్టుమీద కపిల గిలకను మోసే మాన్లు ఊడబీకి అమ్ముకుని తినేశాం.

జత ఎద్దుల్లో ఒకటి పోయిన నెల చచ్చింది. బూడిదరంగు మైలెద్దు మిగిలింది. పక్క చేని ఖాతూన్‌బీ వాళ్లకూ ఒక్కటే మిగిలింది. వాన పడితే రెండింటినీ కలిపి కాడి కట్టి శనక్కాయ వేసుకుందామని మాట అనుకున్నాం. మైలెద్దు కూడా పోతే ఊరు విడవడమే. అందుకే సర్కారోళ్లు గడ్డి ఇస్తాండారని విని తిప్పన్న రాయదుర్గం బయల్దేరాడు.

"మారెక్కా, ఎద్దు జాగ్రత్త. పిల్లోళ్లు జాగ్రత్త. ఎల్లుండికి వచ్చేస్తా" అన్నాడు నాతో.

ఎద్దు పేరు ముందు చెప్పినందుకు నాకు ఒళ్లు మండింది. "పిల్లోళ్లకేం పెట్టాల్నో అదీ చెప్పి పో" అన్నాను. తల వంచుకుని పోయాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఇంట్లో గింజ లేదు. రెండేళ్ల ఎర్రోడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. ఐదేళ్ల ఓబులమ్మ నా కొంగు వదలడం లేదు.

"అమ్మా, నాయన పాట పాడు. నిద్రొస్తాది."

నీళ్లున్న రోజుల్లో పిల్లలిద్దరూ తెల్లవారుజామున ఆ పాట వింటూనే మళ్లీ నిద్రలోకి జారేవాళ్లు. తిప్పన్న మెల్లగా పాడితే ఎద్దులు వెనక్కి అడుగులేస్తూ గట్టెక్కేవి. బావి అంచుకు రాగానే "నిలు!" అని గట్టిగా అరిచేవాడు. టక్కున నిలబడేవి. తాడు చివరి తోలుబాన నీళ్లలో మునిగాక, దాన్ని పైకి లాగేందుకు ముందుకు తోలేవాడు.

ఇద్దర్నీ ఒళ్లో వేసుకుని మొదలుపెట్టాను.

"ఎనక్కి రా నా తండ్రీ, ఎనకెనక్కి రా,
సల్లని నీళ్లుండాయి, సల్లంగ రా."

ఎర్రోడి వెక్కిళ్లు తగ్గాయి. మళ్లీ అదే పాడాను. నా ఏడుపు నాకొస్తోంది, దాన్ని మింగి మళ్లీ పాడాను. ఓబులమ్మ మూతపడుతున్న కళ్లతోనే అంది, "నాయన మాదిరి 'నిలు' అనవా?"

"మూసుకుని పండుకో! తమ్ముడు లేస్తాడు" అని కసిరాను. లేస్తే అన్నం అడుగుతాడు. ఆ మాట వినే శక్తి నాకు లేదు. అందుకని మెత్తటి రెండు చరణాలే పదిసార్లు, ఇరవైసార్లు పాడాను. ఇద్దరూ నిద్రపోయారు. హమ్మయ్య అనుకుని పాట ఆపేశాను.

బయట ఏదో దబ్బున పడింది.

మైలెద్దు, ఎద్దులు నడిచే కపిల బాట కింద తుమ్మచెట్టు నీడలో పడుకుని ఉండాలి. మెడ పుండయిందని పలుపు తీసేశాను. పొద్దుటి నుంచి తల కూడా ఎత్తని ఎద్దును ఎవరు కట్టేస్తారు? చెట్టు కింద అది లేదు. బాట పొడుగునా దుమ్ములో గిట్టల జాడలు. అన్నీ వెనక్కి నడిచిన జాడలే. గట్టు అంచు దాకా ఉన్నాయి.

అయ్యో, నా పాట విని లేచింది! పిల్లలు ఏ పాటకు నిద్రపోయారో, అది ఆ పాటకే పనికి లేచింది. నిలు అనే మాట కోసం చూసింది. నేను అనలేదు. ఎండిన బావి అడుగున రాళ్లమీద పడి ఉంది. డొక్కలు రెండుసార్లు ఎగిసి ఆగిపోయాయి.

పొద్దు వాలకముందే తిప్పన్న వచ్చాడు. నెత్తిన గడ్డిమోపు ఉంది. జాడలు చూశాడు, బావిలోకి చూశాడు. మోపు దించలేదు.

"పాట పాడితివా?"

"పిల్లోళ్ల కోసం."

"నిలు అన్లేదా?"

"లేస్తారని అన్లేదు."

తిడతాడనుకున్నాను. తిట్టినా, నాలుగు తన్నినా బాగుండేది. మోపు మెల్లగా దించి, విప్పి, గడ్డినంతా బావిలోకి వేశాడు.

మరుసటి రోజు ఊరు విడిచాం. దారిలో ఎర్రోడు ఏడిస్తే ఓబులమ్మే ఆ పాట ఎత్తుకుంది. చివర "నిలు!" అని గట్టిగా అరిచింది. ముందు నడుస్తున్న తిప్పన్న టక్కున ఆగిపోయాడు. చాలాసేపు అడుగు వేయలేదు.