సరైన జవాబుకి ప్రెస్సు గంట

తన పాఠం వింటూ నిద్రపోయే మనిషి ఇంకా పుట్టలేదని మనవాడు లాండ్రీ అంతా చాటుకున్నాడు. అలా పుట్టినవాళ్ళు మొదటి రోజే ముగ్గురు దొరికారు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ అది. భోజనాల గదిలో కంప్యూటర్ ముందు పనివాళ్ళు ఒక్కొక్కరే కూర్చుని భద్రత పాఠం నేర్చుకోవాలి. ఆ పాఠం తయారుచెయ్యడం మనవాడి పని. తెరమీద ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా చదివి రికార్డు చేశాడు. వెనకాల ఫ్లూటు కూడా పెట్టాడు. మూడో స్లైడుకల్లా డ్రైవరు గురక ఫ్లూటుకి తాళం వెయ్యసాగింది.

"కళ్ళతో చదివేదాన్నే మళ్ళీ చెవుల్లో పోస్తే ఎవడు మేలుకుంటాడ్రా?" అంది పిన్ని. ఆవిడ అక్కడే ఆవిరితో ఇస్త్రీ చేసే పెద్ద ప్రెస్సు దగ్గర పనిచేస్తుంది. మనవాడికి ఈ పని ఇప్పించింది కూడా ఆవిడే, "మా అక్క కొడుకు, బుద్ధిమంతుడు" అని లాండ్రీ నడిపే మేడమ్‌తో అబద్ధమాడి.

మనవాడికి రోషం వచ్చింది. ఫ్లూటు తీసేశాడు, చదవడం తగ్గించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ప్రెస్సులో ఆవిరి ఎక్కువైతే ఒక గంట మోగుతుంది. మెకానిక్ దాన్ని పరీక్షిస్తున్నప్పుడు మనవాడు ఆ మోత ఫోన్లోకి ఎక్కించుకుని, పాఠంలో ప్రశ్నకి సరైన జవాబు నొక్కిన ప్రతిసారీ మోగేలా పెట్టాడు.

ఫోర్‌మన్ చేతిలో టీ ఒలకబోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మనవాడు బల్ల కింద దూరి, పక్కటెముకలు విరిగేలా నవ్వాడు. మర్నాడు ఫోర్‌మన్ నడుచుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత రావడమే మానేశాడు. గంట మోగితే ఎవరో పాసయ్యార్లే అనుకోవడం అందరికీ అలవాటైపోయింది.

ఒకరోజు ప్రెస్సు గంట నిజంగానే మోగింది. "ఎవరోగానీ గట్టి బుర్రే," అనుకుంటూ పిన్ని దుప్పటి సర్దుతూనే ఉంది. ఆవిరి తన్నుకొచ్చి చెయ్యి మోచేతిదాకా కాలింది.

మేడమ్ గదిలో పంచాయితీ పెట్టారు. కట్టుతో పిన్ని, ఫోర్‌మన్, ప్రెస్సు బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్, మనవాడు.

"గంట మోగినా కదలని మనిషిని పనిలో ఎలా ఉంచుకోనమ్మా?" అంది మేడమ్.

"తప్పు నాదేనండి. చెవిన పడింది, బుర్రకెక్కలేదు," అంది పిన్ని తల దించుకుని.

మేడమ్ మనవాడివైపు తిరిగింది. "జరిగింది పాఠంలో పెట్టు. మీ పిన్ని పేరు పెట్టకులే."

"అలాగే మేడమ్." అనేశాక, ఆ మాటన్న నాలుక తనది కాకపోతే బాగుండుననిపించింది.

ఎక్కడ పెట్టాలో చూద్దామని మేడమ్ తన కంప్యూటర్‌లో పాఠం తెరిచి, ఒక జవాబు నొక్కింది. గంట మోగింది. ఎవరూ కదల్లేదు. మెకానిక్ ఒక్కడే తలుపుదాకా దూకాడు.

"ఎక్కడికయ్యా, అది పాఠం," అన్నాడు ఫోర్‌మన్.

"పాఠమేంటండీ, అది ప్రెస్సు గంట."

"దీన్ని ఇందులో ఎవరు పెట్టారు?" అంది మేడమ్.

"అంటే మేడమ్, పాఠాల్లో శబ్దానికి ఒక శాస్త్రం ఉంటుంది..." అని మనవాడు మొదలెట్టాడు.

పిన్ని తలెత్తింది. తిట్టలేదు. కట్టు కట్టిన చేతిని వాడికి కనబడకుండా బల్ల కిందకి లాక్కుంది. శాస్త్రం గొంతులోనే చచ్చింది.

"నేనేనండి," అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఫోర్‌మన్ గారు ఉలిక్కిపడితే చూసి నవ్వుకుందామని పెట్టాను. పాఠానికి దాంతో పనే లేదు. ఆ గంటకి కదలక్కర్లేదని అందరికీ నేర్పింది నేను. పిన్నిని ఏమీ అనకండి."