ఇసుక విసిరిన చేయి

మూడు నెలలు నిండినా పాప ఇంకా నవ్వలేదు. లెచీ అనే ఎడారి ఊళ్లో ఆ కుటుంబమంతా ఆ నవ్వు కోసమే కాచుకుని ఉంది. బిడ్డను మొట్టమొదట ఎవరు నవ్విస్తే వాళ్లే విందు చెయ్యాలి, పాప చేతి మీదుగా అందరికీ ఉప్పు పంచాలి. అంతటితో అయిపోదు. నవ్వించిన మనిషి స్వభావం బిడ్డకు వస్తుంది. అందుకని ఇంటికి వచ్చినవాళ్లందరూ పాప ముందు నానా వేషాలూ వేసి పోతున్నారు.

ఒక్క డెల్ఫినా మాత్రం పాపను ఎత్తుకోలేదు. పాప తల్లి రోషెల్ ఆమెకు సొంత అక్క కూతురు. రమ్మని పిలిచినప్పుడల్లా డెల్ఫినా, బడి తెరిచేలోపు నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు రాసుకోవాలనేది. జనవరిలో ఆమె భర్త పోయాడు. అప్పటి నుంచి తనలో మిగిలింది ఏమిటో ఆమెకు తెలుసు. అది ఆ బిడ్డకు రాకూడదు.

జూలైలో వచ్చిన వరద ఊరి దగ్గరి ఇరుకైన రాతి గండిని కడిగేసింది. అడుగున ఇసుక నిలువెత్తున కొట్టుకుపోయి, ఎన్నడూ చూడని రాయి బయటపడింది. డెల్ఫినా భర్త తమ్ముడు లైల్ సందర్శకులను గండిలోకి తీసుకెళ్తాడు. అతను వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వదినా, పాత ఫోటోలు చూపిస్తే జనం నన్ను అబద్ధాలకోరు అంటారు. ఒక్క పూట వచ్చి కొత్తవి తియ్యి."

ఇరవై ఏళ్లపాటు ఆ గండిలో ఆమె భర్త ఇసుక విసిరేవాడు, ఆమె ఫోటో తీసేది. మధ్యాహ్నం పైనున్న చీలికలోంచి ఎండ నిట్టనిలువుగా దిగుతుంది. ఇసుక విసిరితే తప్ప ఆ వెలుగు కంటికి ఆనదు. ఒక్క పూటే కదా అని డెల్ఫినా ఒప్పుకుంది. తీరా వెళ్లేసరికి బండి దగ్గర రోషెల్ కూడా ఉంది. వీపున చెక్క ఊయల, అందులో తోలు తాళ్లతో కట్టిన పాప.

"ఇంట్లో చూసేవాళ్లు లేరు చిన్నమ్మా," అంది రోషెల్.

డెల్ఫినా కెమెరా మెడలో వేసుకుని ముందు నడిచింది.

గండి మొదట్లో ముగ్గురూ ఆగారు. రోషెల్ మొక్కుకుని చిటికెడు మొక్కజొన్న పుప్పొడి చల్లింది. ఎగువన కైబిటో వైపు ఆకాశం తేటగా ఉంది, వరద భయం లేదు. లోపలికి వెళ్లారు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. ఎప్పుడూ భుజానికి తగిలే ఒక రాతి అంచు ఇప్పుడు తల పైన ఉంది. డెల్ఫినా దాని కింద ఒక్క క్షణం ఆగి, ముందుకు నడిచింది.

పన్నెండుకు కాస్త ముందు ఎండ దిగింది. అది ఉండేది నాలుగైదు నిమిషాలే. లైల్ గుప్పెడు ఇసుక తీసి విసిరాడు. అది ముద్దగా వెళ్లి గోడకు కొట్టుకుంది.

"గొర్రెలకు దాణా వేస్తున్నావా?" అంది డెల్ఫినా.

"పంతులమ్మకి కోపం వచ్చింది." లైల్ మళ్లీ విసిరాడు. మళ్లీ ముద్దే.

"అలా కాదు. మణికట్టు తిప్పాలి. ఇసుకని పైకి వదిలెయ్యాలి, కొట్టకూడదు."

"నోటితో చెబితే నాకు బళ్లోనే ఎక్కలేదు. చూపించు."

ఎండ జరిగిపోతోంది. ఆమె కెమెరాను స్టాండు మీద వదిలి, వంగి గుప్పెడు ఇసుక తీసింది. తను ఎప్పుడూ విసిరింది లేదు. ఇరవై ఏళ్లు కెమెరాలోంచి చూసింది, అంతే. మణికట్టు దానంతట అదే తిరిగింది. ఇసుక పైకి లేచి, విచ్చుకుని, వెలుగులో నిలిచింది. నిలిచినంతసేపు నిలిచి లైల్ టోపీ మీద రాలింది. అతను గట్టిగా తుమ్మాడు.

అప్పుడు వెనకనుంచి చిన్న శబ్దం వచ్చింది, గులకరాయి దొర్లినట్టు. అందరూ తిరిగి చూశారు. పాప నవ్వుతోంది.

"నా తుమ్ముకే!" లైల్ అరిచాడు. "గొర్రెని ఎప్పుడో చూసిపెట్టా. ఆదివారం విందు!"

"అవును. లైలే నవ్వించాడు," అంది డెల్ఫినా వెంటనే.

రోషెల్ తల అడ్డంగా ఊపింది. "ఇందాక నేను దాన్ని దించి మీ వైపు తిప్పి పట్టుకున్నాను చిన్నమ్మా. తుమ్మకముందే నవ్వడం మొదలుపెట్టింది. నీ చెయ్యే చూస్తోంది."

"లైల్ అనే చెప్పు."

"ఎందుకు?"

డెల్ఫినా కెమెరా అద్దాన్ని గుడ్డతో తుడిచింది. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడిచింది.

"నా దగ్గర ఇప్పుడు ఏముందో మీకు తెలుసు. అది దానికి వద్దు."

నెల రోజులుగా ఆ గొర్రె గురించి ఊరంతా చెప్పుకున్నవాడు లైల్. అతను టోపీ తీసి ఇసుక దులిపాడు.

"నేను పక్కనే నిలబడి ఏళ్ల తరబడి చూశా వదినా. నాకు రాలేదు. ఇప్పుడు విసిరింది నీ చెయ్యి కాదు." వాళ్ల తెగలో పోయినవాళ్ల పేరు పలకరు. అతనూ పలకలేదు. "ఆ మనిషికి ఎంత నవ్వు ఉండేదో నేను నీకు చెప్పాలా? ఆ నవ్వు నా తుమ్ముకంటే నేను ఒప్పుకోను పో. గొర్రె మాత్రం ఇస్తా."

రోషెల్ ఊయలను ముందుకు చాపింది. "పట్టుకో చిన్నమ్మా. భుజాలు లాగేస్తున్నాయి."

డెల్ఫినా పట్టుకుంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఎండ గోడెక్కి పోయింది. ఆ పూట ఒక్క ఫోటో కూడా రాలేదు.

ఆదివారం డెల్ఫినా ఇంట్లో మాంసం పులుసు వండారు, నూనెలో రొట్టెలు వేశారు. ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని, ఆ చిన్న అరచేతిలో ఉప్పు పలుకులు ఉంచింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పళ్లెం పట్టారు. ఆమె పాప చేతిని వంచి ఉప్పు పెట్టించింది. అందరి తరవాత తన పళ్లెం దగ్గరికి వచ్చేసరికి పాప పిడికిలి బిగించేసింది.

"పిసినారిది!" అన్నాడు లైల్. "తుమ్ముకి నవ్వి ఉంటే ఇలా అయ్యేదా?"

అందరూ నవ్వారు. డెల్ఫినా ఆ వేళ్లను విడదీయలేదు. చిన్న మణికట్టును రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. పిడికిలి విచ్చుకుంది. ఆమె ఉప్పు పలుకును నాలుక మీద వేసుకుంది. పాపను ఇటివ్వమని లైల్ చేతులు చాపితే, ఇంకాసేపు ఆగమంది.