రెండు పటాల్లోనూ నీళ్లే

పల్నాటి గడ్డ మీద ఇద్దరు ప్రభువుల్ని ఒకే చేత్తో బోల్తా కొట్టించిన మొనగాడు ఒక్కడే పుట్టాడు. పేరు చెంచురామయ్య. సర్వే గొలుసు లాగే యలమందయ్యకు తాత. కృష్ణకు ఇవతల ఇంగిలీషు దొరలు, అవతల నైజాం నవాబు, నడుమ ఏట్లో రేగులలంక. ఎనిమిదిమంది ఎత్తితే గాని కదలని సరిహద్దు రాయిని చెంచురామయ్య ఒక్కడే భుజాన వేసుకునేవాడు. దొరల మనుషులు వస్తున్నారంటే తెచ్చి లంకకు ఇవతల పాతేవాడు, ఇది నైజాం నేల బాబూ అనేవాడు. నైజాం మనుషులు వస్తే పీకి అవతల పాతేవాడు, ఇది దొరల నేల సామీ అనేవాడు. అలా ఇద్దరికీ దమ్మిడీ శిస్తు కట్టకుండా నలభై ఏళ్లు మిరప పండించాడు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా మీసం గొరిగించండి.

ఆ మొనగాడి మనవడు ఆ ఉదయం ఇంటిముందు గొంతుక్కూర్చుని గొలుసు తడుముతున్నాడు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డ ఎడమచేతిలో, లింకు కుడిచేతిలో. మొత్తం నూరు లింకులు, పదేసి లింకులకొక ఇత్తడి బిళ్ల. ఒక్కో లింకునీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారవిడుస్తాడు. ఎక్కడన్నా వంపు తగిలితే సుత్తితో రెండు దెబ్బలు. లింకు వంగితే గొలుసు పొట్టిదవుతుంది, ఒకరి నేల ఇంకొకరి గట్టులో కలుస్తుంది. ముప్పై మూడేళ్లుగా ఇదే పని. ఆ వేళ్ల చివర్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఇనుము మోసిన కుడిభుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి దిగింది. నడుస్తుంటే మనిషి ఎప్పుడూ దేన్నో వెతుకుతున్నట్టు వాలి కనిపిస్తాడు.

"ఇయ్యాలన్నా ఆ గొలుసు పక్కన పెట్టరాదా?" అంది భార్య సుబ్బరావమ్మ, గడపలోంచి. "సాయంత్రానికి గడువు అయిపోతుందని తెలుసా, లేదా?"

"పన్నెండింటికల్లా వదిలేస్తానన్నారులే సర్వేయరు శేషాచలంగారు. నువ్వు అత్తని తయారు చెయ్యి."

"అత్తా! తెల్లారకముందే తయారై కూర్చుంది. ఉతికిన చీర తెమ్మని నా ప్రాణం తీసింది."

లోపల్నించి పున్నమ్మ గొంతు ఖంగుమంది. యలమందయ్య మేనత్త ఆవిడ. తొంభై ఏళ్లు.

"ఒరే ఎలమందా! ఆ ఆపీసరు కుర్రాడేనా? పెళ్లయిందా?"

"అయింది అత్తా. నీకు వేరే చూద్దాంలే."

ముసలమ్మ పళ్లు లేని నోటితో నవ్వింది. యలమందయ్య నవ్వలేదు. నెల రోజులుగా అతనికి అన్నం మింగుడుపడటం లేదు.

రేగులలంకలో వాళ్లకు ఎకరన్నర చెక్క ఉంది. మూడు తరాలుగా అందులో మిరప వేస్తున్నారు. ఇప్పుడు కాయ ఎర్రబడి, సగం కోసి సగం మొక్కల మీదే ఉంది. కడుపున పుట్టినవాళ్లు నిలవని ఆ ఆలుమగలకు, ఇంకో ఏడాదిలో ఉద్యోగం అయిపోయే ఆ మనిషికి, లోకంలో ఉన్నది ఆ చెక్క ఒక్కటే. మండలాలు వచ్చిన రెండో ఏడు, 1987 జనవరిలో నోటీసు వచ్చింది. గుంటూరు పటంలో ఆ చోట ఏటి నీలిరంగు. నల్లగొండ పటంలోనూ ఏటి నీలిరంగే. రెండు పటాల్లోనూ నీళ్లున్న చోట నువ్వు మిరప ఎలా వేశావని అడిగారు. మీ తాతముత్తాతలు ఇవతలి సర్కారు కింద ఆ నేల సాగు చేశారని ఫిబ్రవరి ఇరవైలోగా రుజువు చూపించు, లేకపోతే ఆ పై సోమవారం నుంచి అడుగు పెట్టొద్దన్నారు.

అతను వెతకని చోటు లేదు. కరణాల ఉద్యోగాలు పోయాక వాళ్ల పాత కట్టలన్నీ మండలాఫీసులో ఒక గదిలో గుట్టపోశారు. సెలవు దొరికినప్పుడల్లా ఆ చెదల్లో కూర్చుని కూడబలుక్కుని చదివాడు. ఊరందరి తాతలూ ఉన్నారు. వాళ్ల ఎడ్లున్నాయి, బావులున్నాయి, గట్టు మీద తుమ్మచెట్లు సైతం ఉన్నాయి. చెంచురామయ్య లేడు. అవతలి ఒడ్డుకూ వెళ్లి అడిగాడు. అక్కడా లేడు.

"పుస్తకంలో లేకపోతే మనిషన్నా కావాలి కదయ్యా," అన్నాడు గుమాస్తా అనంతపద్మనాభం. జాలిగుండె మనిషి. "లంకలో పుట్టినవాళ్లు ఎవరన్నా బతికుంటే తీసుకురా. అధికారి ఎదుట నాలుగు ముక్కలు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు."

బతికున్నది పున్నమ్మ ఒక్కతే.

ఆ ఉదయం పని బాపయ్య పొలంలో. దూరంగా సున్నపు బట్టీల పొగ, దగ్గర్లో కల్లాల మీద ఎండుతున్న మిరపకాయల ఘాటు. యలమందయ్య ఒక చివర పట్టుకుని పత్తి మోళ్ల మీదుగా నడుస్తూ, గొలుసు పూర్తిగా సాగినప్పుడల్లా గుర్తుగా ఇనప పుల్ల గుచ్చుతున్నాడు. బాపయ్య పక్కనే నడుస్తూ గొంతు తగ్గించాడు.

"ఎలమందయ్యా, ఆ గట్టు దగ్గర కాస్త వదులుగా పట్టు. నీ సొమ్మేం పోదుగా."

"గొలుసుకి చుట్టాలూ పక్కాలూ ఉండరయ్యా."

సర్వేయరు శేషాచలం వెనక నుంచి పకపక నవ్వాడు. "వాడితో పెట్టుకోకు బాపయ్యా! ముప్పై మూడేళ్లలో ఒక్క అబద్ధం ఆడినవాడు కాడు."

యలమందయ్య గుచ్చబోయిన పుల్ల చేతిలోనే ఆగిపోయింది.

ఆడాడు. ఒక్కటి.

పన్నెండేళ్ల కిందట కొత్త పటాలు గీసేటప్పుడు, ఏరు నిండుగా పోతున్న రోజుల్లో, అప్పటి సర్వేయరు ఒడ్డున గొడుగు కింద నిలబడి అడిగాడు, అవతల ఏమన్నా ఉందా అని. పడవ కట్టించుకుని దాటాలంటే ఆయనకూ బద్ధకమే. ఉందని చెప్పవలసిన మనిషి ఆ గొలుసు చివర పట్టుకున్నవాడే. అతనికి తాత కథ గుర్తొచ్చింది. ఏ సర్కారు పుస్తకానికీ ఎక్కని నేల మాదని చిన్నప్పటినుంచీ ఛాతీ విరుచుకుని తిరిగినవాడు. ఇప్పుడు తన నోటితో ఎక్కించడమేమిటి అనుకున్నాడు.

"ఏముందండీ, నీళ్లు," అన్నాడు.

సర్వేయరు నీలి పెన్సిలు అందుకున్నాడు. ఆ సాయంత్రం యలమందయ్య ఇంటికి వెళ్లి, తాతకు తగ్గ మనవడినని సుబ్బరావమ్మతో గొప్పలు కూడా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ రెండు మాటలూ గొంతులో మిరపగింజల్లా పడి ఉన్నాయి. మింగలేడు, ఉమ్మలేడు.

మధ్యాహ్నం బండిలో గడ్డి పరిచి పున్నమ్మను కూర్చోబెట్టాడు. ఆవిడ చేతిలో కర్ర. అది మామూలు కర్ర కాదు. సర్వేవాళ్లు దూరం నుంచి గురి చూడటానికి పాతే ఎరుపూ తెలుపూ పట్టీల గడ. విరిగిపోయి పారేస్తే యలమందయ్య తెచ్చి, కోసి, అడుగున టైరుముక్క కొట్టి ఇచ్చాడు. ఏళ్ల తరబడి పట్టుకున్న చోట రంగు పోయి, కొయ్య నల్లగా మెరుస్తోంది. బండి కదలగానే అతను పాఠం మొదలుపెట్టాడు.

"ఏం చెప్తావ్ అత్తా?"

"మా నాయన చెంచురామయ్య. నేను రేగులలంకలో పుట్టా. మా నాయన మిరప వేసేవాడు."

"తర్వాత?"

ముసలమ్మ మొహం ఎడ్లవైపు తిప్పుకుంది.

"ఇవతలి కరణానికి శిస్తు కట్టేవాడు. అను."

"అనను. తొంభై ఏళ్లొచ్చి మా నాయన పరువు తియ్యనా? ఎవరికీ కట్టని మనిషిరా ఆయన!"

"పరువు కాదత్తా, చేను పోతుంది. నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి."

నిజంగానే ఆ కాళ్లు పట్టుకున్నాడు. ఎండిపోయిన మిరపతొడిమల్లా ఉన్నాయి ఆ వేళ్లు. పున్నమ్మ అతని నెత్తి మీద చెయ్యి వేసి, బండి చక్రం రెండు గుంటలు దాటిందాకా నిమిరింది. చివరికి అంది. "కట్టేవాడు. పో."

మండలాఫీసు వరండాలో సిమెంటు గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. అధికారి ఏదో ఊరు వెళ్లాడు. మూడుకొస్తాడన్నారు, మూడున్నర అయింది. అనంతపద్మనాభం ఊరికే ఉండక వాంగ్మూలం ముందే రాసి ఉంచాడు, ఆయన రాగానే వేలిముద్ర వేయిస్తే పని అయిపోతుందని. గ్లాసుతో మంచినీళ్లు కూడా తెచ్చి ఇచ్చాడు. పున్నమ్మ రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకోకుండానే అంది.

"ఒరే. రాయీ లేదు, పాడూ లేదురా."

"ఏ రాయి?"

"మీ తాత మోసిన రాయి. గేదె గుంజ మొయ్యలేని మనిషి, సరిహద్దు రాయి మోస్తాడంటరా? నేను చెప్పిన కతే అది. మీ నాయన చిన్నపిల్లాడు, ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి చెప్పా. వాడు నీకు చెప్పాడు."

అదీ సంగతి. కాబట్టి కత్తి నూరించుకుని రండి, మీసం సిద్ధంగానే ఉంది. ఎనిమిదిమంది ఎత్తే రాయీ లేదు, ఇద్దరు ప్రభువులూ బోల్తా పడలేదు. ఉన్నదల్లా భయపడ్డ ఒక బక్క మనిషి.

"దొరల మనుషులొచ్చినా, నైజామోళ్లొచ్చినా దాక్కునేవాళ్లం," పున్నమ్మ ఏటివైపు చూస్తున్నట్టు ఎదుటి గోడవైపు చూసింది. "పేరు రాసుకుంటే వెట్టికి పట్టుకుపోతారని. మమ్మల్ని జమ్ములోకి లాక్కెళ్లి, మెడలోతు నీళ్లలో నిలబెట్టి, మా నోళ్లు మూసేవాడు. బొటనేలు గుప్పిట్లో దాచుకోండమ్మా, వేలు కనబడితే ముద్దర వేయించుకుంటారు అనేవాడు. ఆయన చెయ్యి వణికేది. నా పళ్లకి తగిలి టకటకమనేది. అదిరా మీ తాత."

ఆనాడు ఒడ్డున గొడుగు పక్కన తను అన్న రెండు మాటలు యలమందయ్య చెవిలో మళ్లీ వినిపించాయి. మొనగాడి మనవడిననుకుని అన్నాడు. జమ్ములో దాక్కున్నవాడి మనవడు అన్న మాట అది.

"శిస్తు కట్టాడనే చెప్తాలే," అంది పున్నమ్మ, అతని మొహం చూసి. "ఇప్పుడింకేం పరువు! కాస్త కన్ను మూస్తా. పిలిస్తే లేపు."

కర్రను పక్కన గోడకు ఆనించి, అతని దిగిన భుజం మీదికి తల వాల్చింది. ఆ భుజం ఆవిడ ఎత్తుకు సరిగ్గా సరిపోయింది.

నాలుగున్నరకు జీపు వచ్చింది. అధికారి గబగబా లోపలికి వెళ్లి కాగితాల మీద సంతకాలు మొదలుపెట్టాడు. అనంతపద్మనాభం తలుపు దగ్గర నిలబడి, "పున్నమ్మ!" అని పిలిచాడు.

యలమందయ్య భుజం కదిపాడు. "అత్తా. లే." ఇంకోసారి కదిపాడు. తల అతని ఛాతీ మీదికి జారింది. అంతే. దగ్గు లేదు, మూలుగు లేదు. ఎప్పుడు పోయిందో పక్కన ఆనుకుని ఉన్నవాడికే తెలియలేదు.

గుమాస్తా దగ్గరికొచ్చి చూశాడు. వెనక్కి తిరిగి లోపలి తలుపు చేరవేశాడు. బల్ల మీది సిరా డబ్బా, రాసిన కాగితం తనే తెచ్చి కింద గొంతుక్కూర్చున్నాడు.

"చెయ్యి వెచ్చగానే ఉంది ఎలమందయ్యా. అయ్యగారు ఐదింటికి వెళ్లిపోతారు, గడువు ఇయ్యాలే. నేను చూళ్లేదు, నువ్వు చెయ్యలేదు. కానియ్."

యలమందయ్య ఆ చెయ్యి అందుకున్నాడు. గుప్పిట బిగించి ఉంది. బొటనవేలు లోపల ఉంది. చిటికెనవేలు తీశాడు. ఉంగరంవేలు తీశాడు. గుప్పిట తెరుచుకుంది. సిరా అంటింది. ముద్ర పడింది. అధికారి తల ఎత్తకుండానే సంతకం చేశాడు. ఆ సోమవారం ఆలుమగలిద్దరూ లంకలోకి దిగి మిగిలిన కాయ కోసుకున్నారు.

హమ్మయ్య అనుకున్నారా? ఈ కథలో నేను సొంతంగా అల్లింది ఆ ముక్కే. మీసం ఎలాగూ పోయింది కాబట్టి జరిగింది చెప్పేస్తాను. రెండో వేలు తీశాక యలమందయ్య ఆగిపోయాడు. తీసిన రెండు వేళ్లనీ మళ్లీ మెల్లగా మూసి, ఆ గుప్పిటను తన అరిగిన వేళ్లతో కప్పాడు.

"సాక్షి రాలేదని రాసుకోండయ్యా," అన్నాడు.

గుమాస్తా అలాగే రాశాడు. సోమవారం నుంచి లంకలోకి ఎవర్నీ దిగనివ్వలేదు. కాయ మొక్కల మీదే ఎండి, విచ్చి, గింజ రాల్చింది.

బండిలో అత్తను పడుకోబెట్టే తొందరలో వరండాలో కర్ర మరిచిపోయాడు. ఎరుపూ తెలుపూ పట్టీలు చూసి, సర్వే శాఖ సామానేమోనని ఎవరో దాన్ని తీసుకెళ్లి స్టోరుగదిలో మిగతా గడల పక్కన నిలబెట్టారు. సర్కారు పుస్తకంలో ఎక్కించి, మెడ మీద నల్లరంగుతో నంబరు వేశారు. నలభై ఒకటి. అరచెయ్యి పట్టిన చోట కొయ్య ఇంకా మెరుస్తూనే ఉంది.